ఒట్టు తీసి గట్టున పెట్టు

గుణదల,
విజయవాడ.

బుజ్జమ్మా,

నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు షాపు నిండా జనం ఉన్నారు. మేరీమాత ఉత్సవాలకు వచ్చినవాళ్లు ఇంకా పూర్తిగా ఇళ్లకు మళ్లలేదు. కాళ్ల నొప్పులకనీ జ్వరానికనీ కౌంటర్ ముందు నిలబడినవాళ్లు వింటూంటే నీ మాటకు జవాబెలా చెప్పను? అందుకే రాస్తున్నాను. ఫోన్లో విని వదిలేసే సంగతి కూడా కాదిది. దగ్గర పెట్టుకుని మళ్లీ చదువుకో.

నువ్వు అడిగింది ఒక్కటే. మీ క్లాసు అబ్బాయి గంజాయికి అలవాటు పడ్డాడు. మొదట్లో శనివారాలు మాత్రమే, ఇప్పుడు రోజూ. ఆ సంగతి నీకు తెలిసిపోయాక, ఇంట్లోవాళ్లకు చెప్పనని నీ చేత ఒట్టు వేయించుకున్నాడు. "మాట తప్పితే వాణ్ణి మోసం చేసినట్టే కదా తాతయ్యా?" అన్నావు.

ఒట్టు తీసి గట్టున పెట్టు. వాళ్ల ఇంట్లో చెప్పు.

పెద్దవాళ్లు అనే మాటేగా ఇది అనుకోకు. ఇన్నేళ్లు మందుల షాపులో కూర్చున్నవాడిగా చెబుతున్నాను. నువ్వు చెప్పినవాటిలో చిన్న సంగతి ఒకటుంది. వాడి జేబులో ఎప్పుడూ కంటి చుక్కల మందు ఉంటుందన్నావు చూడు, అక్కడే నాకు విషయం అర్థమైపోయింది.

అలాంటి పిల్లలు మన షాపుకీ వస్తారు. చీకటి పడ్డాక ఇద్దరు ముగ్గురు కలిసి వస్తారు, బండి రోడ్డు అవతల ఆపుతారు, ఒక్కడే మెట్లెక్కుతాడు. కళ్లకలకతో వచ్చినవాడైతే కన్ను చూపిస్తాడు, నలుపుకుంటాడు, పొద్దున లేచేసరికి పుసి కట్టి రెప్పలు అంటుకుపోతున్నాయంటాడు, రోజుకి ఎన్నిసార్లు వేసుకోవాలని అడుగుతాడు. వీళ్లు ఇవేమీ చెప్పరు. తల దించుకుని మందు పేరు చెప్పి అడుగుతారు. డబ్బులిచ్చి, మెట్ల మీదే తల వెనక్కి వాల్చి రెండు కళ్లలో రెండేసి చుక్కలు వేసుకుని, ఫోన్ కెమెరాలో కళ్లు చూసుకుని మరీ వెళతారు. గంజాయి కంట్లోని సన్నటి రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, ఆ ఎరుపు దానివల్లే. చుక్కల మందు వాటిని కాసేపు ముడుచుకునేలా చేస్తుంది. ఇంటికి చేరేసరికి తల్లికి కొడుకు కళ్లు తెల్లగానే కనపడతాయి.

చూశావా, మత్తు ఇంకా పూర్తిగా వంటబట్టకముందే దాచడం వంటబడుతుంది. జేబులో చుక్కల మందు, నోట్లో పుదీనా బిళ్ల, చొక్కాకి సెంటు, ఇంటికి ఫోన్ చేస్తే పొడి మాటలు. ఆ వరుసలో నీ ఒట్టు కూడా ఒకటి. వాడు నిన్ను మంచి స్నేహితురాలనుకునే ఒట్టు వేయించుకుని ఉంటాడు, కాదనను. కానీ ఆ ఒట్టు కాపాడుతున్నది వాణ్ణి కాదమ్మా, వాడి అలవాటుని.

వాడి వాదన కూడా చెప్పావు. ఆకే కదా, భూమిలోంచి మొలిచిందే కదా, సిగరెట్టు కన్నా నయం అంటున్నాడట. ఉమ్మెత్త కూడా భూమిలోంచే మొలుస్తుంది. గసగసాల కాయకు గాటు పెడితే కారే పాలే నల్లమందు. దాంట్లోంచే మార్ఫిన్, ఆ మార్ఫిన్‌ని మార్చితే హెరాయిన్. మొక్కలోంచి వచ్చిందన్న మాటకు మందుల లోకంలో విలువేమీ లేదు. ఎంత మోతాదు, ఎంత తరచుగా, ఏ వయసులో అన్నవే లెక్క.

వయసు సంగతి చెబుతాను, ఇది ముఖ్యం. ముందూ వెనకా ఆలోచించడం, తొందరపాటును పట్టి ఆపడం చేసే మెదడు ముందుభాగం పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. ఇష్టమైనది తిన్నా, పరీక్ష పాసైనా, నచ్చినవాళ్లు పలకరించినా మెదడులో డోపమైన్ అనే రసాయనం ఊరుతుంది. ఆ పని మళ్లీ చెయ్యాలనిపించేది దానివల్లే. మత్తుపదార్థం ఏ శ్రమా లేకుండా దాన్ని ఒక్కసారిగా పొంగిస్తుంది. రోజూ ఇదే జరుగుతుంటే మెదడు తన స్పందనను తగ్గించుకుంటుంది. అప్పుడిక అన్నం రుచించదు, ఆట మీద మనసు పోదు, స్నేహితుల మధ్య కూర్చున్నా విసుగే. తాగితేనే మామూలుగా ఉన్నట్టనిపిస్తుంది. గంజాయి రుచి చూసినవాళ్లలో దాదాపు పదిమందిలో ఒకరు దానికి బానిసలవుతారని, ఇరవై ఏళ్లలోపు మొదలుపెట్టినవాళ్లలో అది ఆరుగురిలో ఒకరికి చేరుతుందని విదేశాల్లో చేసిన అధ్యయనాలు తేల్చాయి. మీ వాడు ఇంటర్‌లోనే మొదలుపెట్టాడన్నావు కదా.

ఇంతవరకూ అయితే కంగారు పడకుండా మెల్లగా చెప్పమనేవాణ్ణి. కానీ నువ్వు చివర్లో మరో మాట అన్నావు. రూమ్మేట్లు తన గురించే గుసగుసలాడుకుంటున్నారని వాడు అనుమానపడుతున్నాడని, కారిడార్‌లో ఎవరైనా నవ్వితే తననే చూసి నవ్వారంటాడని, మొన్న ఫోన్ బ్యాటరీ తీసి ఎవరో వింటున్నారన్నాడని. మిగతా సంగతులన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. లేని గుసగుసలు వినపడటం, లేని కుట్రలు కనపడటం సైకోసిస్ లక్షణాలు. గంజాయి ఘాటు పెరిగేకొద్దీ, రోజూ తాగేకొద్దీ ఆ ముప్పు పెరుగుతుంది. వంశంలో ఎవరికైనా మానసిక జబ్బు ఉంటే మరీను. స్కిజోఫ్రీనియా లాంటి జబ్బులు ఎక్కువగా బయటపడేది కూడా సరిగ్గా మీ ఈడులోనే. కొందరికి గంజాయి మానేస్తే ఆ అనుమానాలు కొద్దిరోజుల్లో పోతాయి. కొందరికి పోవు, అవే జీవితకాలపు జబ్బుకి తొలిమెట్టవుతాయి. మీ వాడిది ఇందులో ఏదో నువ్వూ చెప్పలేవు, నేనూ చెప్పలేను. సైకియాట్రిస్టు చూసి చెప్పాలి. ఆలస్యం చేసేకొద్దీ నయం కావడం కష్టమవుతుంది. నీ ఒట్టుని గట్టున పెట్టడానికి ఈ ఒక్క కారణం చాలు.

రాత్రిళ్లు నిద్రకని ఏవో మాత్రలు కూడా వేసుకుంటున్నాడన్నావు. స్ట్రిప్ మీద పేరు చూసి నాకు చెప్పు. ఆల్‌ప్రజోలం, ట్రమడాల్ లాంటివైతే అవి హెచ్1 షెడ్యూల్ మందులు. డాక్టరు చీటీ చూసి, చీటీ రాసిన డాక్టరు పేరూ రోగి పేరూ ఎన్ని మాత్రలిచ్చిందీ విడిగా ఒక రిజిస్టర్‌లో రాసి, ఆ రిజిస్టర్‌ని మూడేళ్లు దాచాలి. ట్రమడాల్‌ని 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికీ తెచ్చారు. అయినా దొరుకుతున్నాయంటే ఇచ్చేవాళ్లున్నారు కాబట్టే. మడతలు చిరిగి, తేదీ దిద్ది, జిరాక్స్ తీసిన చీటీలు నా దగ్గరికీ వస్తాయి. ఒరిజినల్ తెమ్మంటే మళ్లీ రారు, మరో షాపుకి పోతారు. మా వృత్తిలో ఉన్నవాళ్లు డబ్బుకి ఆశపడి ఆ స్ట్రిప్పులు చేతిలో పెట్టడం చూస్తే నాకు కడుపు మండిపోతుంది. ఆ మాత్రల మీద మద్యం కూడా పడితే ఊపిరి మందగిస్తుంది. నిద్రలోనే ఆగిపోవచ్చు. ఎప్పుడైనా వాడు లేపినా లేవకుండా, గురకలా ఊపిరి లాగుతూ, పెదాలు నీలంగా కనపడితే ఎవరేమనుకుంటారోనని ఆగొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యమని రూమ్మేట్లకు ఇప్పుడే చెప్పి ఉంచు.

ఆ ఆకు వాడి చేతికి ఎక్కణ్ణుంచి వస్తోందో కూడా నువ్వు తెలుసుకోవాలి. నువ్వు చదువుతున్న విశాఖకు పైనే, చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు మండలాల కొండల్లో, అవతల ఒడిశా సరిహద్దుల్లో గంజాయి పండిస్తారు. శీలావతి అని ఒక రకానికి పేరు కూడా ఉంది. పెట్టుబడి పెట్టేది దళారులు, కొనుక్కుపోయేదీ వాళ్లే. పండించిన గిరిజన రైతుకి దక్కేది కొంచెం. మూటలు మోసేది మీ ఈడు కుర్రాళ్లు, పట్టుబడితే జైలుకి పోయేదీ వాళ్లే. 2021 చివర్లో 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో పోలీసులు దాదాపు 7,500 ఎకరాల్లో గంజాయి తోటలు నరికించారు. మరుసటి ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో 2 లక్షల కిలోల గంజాయిని కుప్ప పోసి తగలబెట్టారు. అయినా తెంపు లేదు. రైళ్లలో, లారీల్లో, బస్సుల్లో బెజవాడ మీదుగా హైదరాబాద్‌కీ చెన్నైకీ పోతూనే ఉంటుంది. కాఫీ, మిరియాలు, పసుపు పండించుకుని గౌరవంగా బతకగల మనుషులు ఈ ఆకు వల్ల కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. "నేను ఎవరికీ హాని చెయ్యట్లేదు" అంటాడట కదా మీ వాడు. ఆ కొండల్లోని తల్లుల్ని అడగాలి ఆ మాట.

మన ఊరి పేరు కూడా ఒకసారి దేశమంతా మోగిపోయింది. 2021 సెప్టెంబర్‌లో గుజరాత్‌లోని ముంద్రా రేవులో రెండు కంటైనర్లు విప్పితే 2,988 కిలోల హెరాయిన్ బయటపడింది. అఫ్ఘానిస్థాన్‌లో బయల్దేరి ఇరాన్ రేవు బందర్ అబ్బాస్ మీదుగా, టాల్కం రాళ్ల పేరుతో వచ్చిన సరుకు. దాన్ని దిగుమతి చేసుకున్నట్టు కాగితాల మీద ఉన్న కంపెనీ చిరునామా మన సత్యనారాయణపురంలోది! ఇక్కడ చిరునామా తప్ప సరుకేమీ లేదని మన పోలీసులు చెప్పారు. అయినా టీవీలవాళ్లంతా ఆ వీధిలో దిగిపోయారు. పేరు, చిరునామా, బండి, బ్యాగు, బ్యాంకు ఖాతా, ఇవి ఎవరికీ అరువివ్వకూడదని ఆనాడు మన ఊళ్లో చాలామందికి తెలిసొచ్చింది.

నీకూ అదే చెబుతున్నాను. "కాస్త ఈ పొట్లం నీ బ్యాగులో ఉంచు, వార్డెన్ తనిఖీ అయ్యాక తీసుకుంటాను" అని వాడు అడిగినా, వాడి స్నేహితుడు అడిగినా వద్దని చెప్పు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో గంజాయి కిలో లోపు ఉంటే తక్కువ పరిమాణం, దానికి ఏడాది దాకా జైలు. కిలో దాటితే పదేళ్ల దాకా. 20 కిలోలు దాటితే పదేళ్లకు తగ్గకుండా ఇరవై ఏళ్ల దాకా. తాగినందుకే ఆరు నెలల దాకా శిక్ష పడొచ్చు. డబ్బు తీసుకున్నావా లేదా అన్నది కాదు ప్రశ్న. దగ్గర ఉంచుకోవడం, చేరవేయడం, కొనడం అన్నీ నేరాలే. ఇంటినుంచి వచ్చే డబ్బు చాలక, తనకు కావలసినది ఊరికే వస్తుందన్న ఆశతో నలుగురికి తెచ్చిపెట్టడం మొదలుపెడతాడు కుర్రాడు. స్నేహితులకు సాయం చేస్తున్నాననుకుంటాడు. పోలీసు కాగితాల్లో మాత్రం వాడు అమ్మకందారు. మీ వాడు ఆ మెట్టు దిగాడో లేదో నువ్వు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇంకా దిగకపోతే ఇప్పుడే ఆపాలి.

వాళ్ల నాన్న సంగతి కూడా చెప్పావు. దివిసీమలో చేపల చెరువులు, అప్పులు, సాయంత్రమైతే మందు. "ఆయన రోజూ తాగి పడుకుంటాడు, నన్నడిగే హక్కెక్కడిది" అంటాడట కొడుకు. ఆ మాటలో న్యాయం ఉంది. మనవాళ్లు గంజాయిని చెడుతిరుగుడు అంటారు, మందుని మాత్రం మగవాడి ముచ్చటగా చూస్తారు. శరీరానికి ఆ తేడా తెలియదు. ఎయిమ్స్ వాళ్లు కేంద్ర ప్రభుత్వం తరఫున చేసి 2019లో వెలువరించిన సర్వేలో దేశంలో 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారని, గంజాయి, భంగు లాంటివి వాడేవాళ్లు 3.1 కోట్ల మంది అని తేలింది. మద్యానికి బానిసైనవాళ్లలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందుతున్నారట. మిగతా 37 మంది ఏమవుతున్నారు? 2020 జులై చివర్లో, లాక్‌డౌన్‌లో మద్యం షాపులు మూసేశాక, ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యానికి బానిసైనవాళ్లు శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. అది విషమని తెలియక కాదు తాగింది. ఒళ్లు వణుకుతుంటే, గుండె దడదడలాడుతుంటే చేతికందింది తాగారు. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే మూర్ఛలు రావొచ్చు, మతి తప్పొచ్చు, ప్రాణమే పోవచ్చు. వాళ్ల నాన్న కొడుకు సంగతి విని పౌరుషం కొద్దీ "రేపటినుంచి నేనూ మానేస్తా" అంటే డాక్టరుకి చూపించుకునే మానమని చెప్పాలి.

ఇళ్లలో ఈ సంగతులు ఎలా నలుగుతాయో ఒకటి చెబుతాను. మన చుట్టుపక్కల కొడుకు మత్తులో పడ్డ ఒక కుటుంబం. పేరు రాయను, నువ్వూ ఊహించకు. ఆ తల్లి షాపుకొచ్చి కొడుక్కి నిద్రమాత్రలు ఇమ్మంది. రాత్రంతా మేడ మీద పచార్లు చేస్తూ తనలో తనే మాట్లాడుకుంటున్నాడట. చీటీ లేకుండా ఇవ్వలేనమ్మా, మానసిక వైద్యుడికి చూపించు అన్నాను. "పిచ్చి డాక్టరు దగ్గరికా? రేపు వాడికి పిల్లనెవరిస్తారు బాబాయ్?" అంది. పెళ్లి చేస్తే దారిలో పడతాడన్నారు బంధువులు. గుడివాడ వైపు సంబంధం చూశారు. కట్నం, బంగారం, పందిరి అన్నీ ఘనంగానే. ఏడాది తిరక్కుండా ఆ పిల్ల పుట్టింటికి వచ్చేసింది. మెళ్లో గొలుసు తాకట్టులో, చెంప మీద మచ్చ. ఆ మచ్చ ఎలా పడిందో అందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు. అప్పటికీ ఆసుపత్రి మాట తలపెట్టలేదు. ఊరి బయట ఎవరో నడిపే కేంద్రంలో పెట్టారు. అక్కడ కాలికి గొలుసు వేసి, ఎదురు చెబితే కొట్టారు. మనిషిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టెయ్యకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో స్పష్టంగా ఉంది. గుర్తింపు లేకుండా అలాంటి కేంద్రాలు నడపడమే తప్పు. ఆ అబ్బాయి పారిపోయి వచ్చాకగానీ వాళ్ల మేనమామ చెయ్యి పట్టుకుని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లలేదు. ఇప్పుడు మందులు వాడుతూ బావ కొట్టులో లెక్కలు రాస్తున్నాడు. మధ్యలో రెండుసార్లు మళ్లీ జారాడు, మళ్లీ లేచాడు. ఆ పెళ్లికూతురి జీవితం మాత్రం ఎవరూ తిరిగివ్వలేదు.

మా షాపు ముందు నుంచే మేరీమాత కొండకి వెళతారు కదా, ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో ఎంతమంది తల్లులు కొవ్వొత్తులు పట్టుకుని నడుస్తారో చిన్నప్పుడు నువ్వూ చూశావు. హిందువులూ వస్తారు, ముస్లింలూ వస్తారు. మొగుడి తాగుడు మానాలని, కొడుకు మనిషి కావాలని మొక్కేవాళ్లు వాళ్లలో చాలామంది. నేను ఆ మొక్కుల్ని తక్కువ చెయ్యను. కొండ దిగి ఆసుపత్రి మెట్లు కూడా ఎక్కమంటాను. దేవుడి ముందు చెప్పుకున్న మాట డాక్టరు ముందు చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

ఇంటి పరువన్న పేరుతో ఆడవాళ్లు నోరు కట్టుకోవడం మానేస్తే ఏమవుతుందో మా తరం కళ్లారా చూసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమె వెంట నడిచిన ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. అక్షరాలు నేర్చుకోవడానికి సాయంత్రం కూడినచోట, మా ఇంట్లో ఇలా జరుగుతోందంటే మా ఇంట్లోనూ అని ఒకరికొకరు చెప్పుకున్నాకే అది సాధ్యమైంది. ఏడాదిలో రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వమే సారాని నిషేధించాల్సి వచ్చింది. తరవాత వచ్చిన సంపూర్ణ నిషేధం 1997లో ఎత్తేశారు, అది వేరే కథ. చదువురాని ఆడవాళ్లు మొగుళ్ల పేర్లు చెప్పి మరీ వీధిలో మాట్లాడగలిగినప్పుడు, ఇంజినీరింగ్ చదువుతున్న నువ్వు ఒక తల్లికి ఫోన్ చెయ్యలేవా?

ఇక ఎలా చెప్పాలో చూద్దాం. మొదట వాడికే చెప్పు. వెనకనుంచి చెప్పావన్న మాట రాకూడదు. వాడు మత్తులో లేని పూట, క్యాంటీన్‌లోనో లైబ్రరీ మెట్ల మీదో, పక్కన ఇంకో స్నేహితురాలు ఉండగా, "నేను మాట తప్పుతున్నాను, ఆదివారం మీ అమ్మకు ఫోన్ చేస్తున్నాను. నువ్వే ముందు చెబితే మంచిది" అను. వాడు తిడతాడు. నీతో మాట్లాడనంటాడు. చచ్చిపోతానని బెదిరించొచ్చు కూడా. అలా అంటే బెదిరింపేలే అని వదిలెయ్యకు, ఆ రాత్రి వాణ్ణి ఒంటరిగా ఉంచకుండా రూమ్మేట్లకు అప్పగించి, ఆదివారం దాకా ఆగకుండా అప్పుడే ఇంటికి ఫోన్ చెయ్యి. వాడి గదికి నువ్వు ఒక్కదానివే వెళ్లొద్దు. డబ్బు అప్పివ్వొద్దు. ఫీజు కట్టాలంటే ఫీజు రసీదు చూపించమను, మెస్ బాకీ అంటే మెస్‌కే కట్టు. లోన్ యాప్‌ల బాకీ ఉందంటే అది వాళ్ల నాన్న చూసుకుంటాడు.

వాళ్లమ్మతో మాట్లాడేటప్పుడు "మీ వాడు చెడిపోయాడు" అనకు. "వాడికి ఒంట్లో బాగాలేదు, వైద్యం కావాలి" అను. నిజమూ అదే. ఆమె మొదటి మాట "మావాడు అలాంటివాడు కాదు" అనే ఉంటుంది. వాదించకు. ఆ అనుమానాల సంగతీ, మాత్రల సంగతీ చెప్పి, ఒక్కసారి వచ్చి చూడమను.

పోలీసు కేసవుతుందేమోనని వాళ్లు భయపడతారు. దానికి ఈ మాట చెప్పు. మాదకద్రవ్యాల చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. వాడకం మీదో, తక్కువ పరిమాణం దగ్గరుందనో కేసు పడ్డవాడైనా, తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోటో చేరి వైద్యం పూర్తి చేసుకుంటే విచారణకు గురిచెయ్యరు. మధ్యలో మానేస్తే మాత్రం ఆ రక్షణ పోతుంది. రోగికి తలుపు తెరిచి ఉంచిన చట్టమే ఇది, పట్టుబడేదాకా ఎవరూ అటు చూడరు, అంతే తేడా. విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఇక్కడికి తెస్తే మన గుణదల పక్కనే కొత్త ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది. నేను వెంట ఉంటాను. రాత్రిపూట ఏం చెయ్యాలో తోచకపోతే మత్తు మాన్పించే సలహాలకు 14446, మనసు బాగాలేనప్పుడు టెలీ మానస్ 14416. అమ్మేవాడి మీద ఫిర్యాదు చెయ్యాలంటే మత్తుపదార్థాల మీద పనిచేసే పోలీసుల ఈగల్ విభాగం నంబరు 1972. ఈ నంబర్లు కలగాపులగం చెయ్యకు. రోగి కోసం మొదటి రెండూ, వ్యాపారి కోసం చివరిది.

మానేశాక మొదటి వారం వాడు మనిషిలా ఉండడు. నిద్ర పట్టదు, అన్నం సహించదు, చెమటలు, చిరాకు, పిచ్చి పిచ్చి కలలు. మామూలుగా రెండు మూడు వారాల్లో అవి తగ్గుతాయి. గంజాయి అలవాటును మాన్పించే ప్రత్యేకమైన మాత్ర ఇంకా లేదు. కౌన్సెలింగ్, కుటుంబం తోడు, అనుమానాలకు విడిగా మందులు, ఇవే వైద్యం. బాగుపడ్డాక మళ్లీ జారొచ్చు. బీపీ ఉన్నవాడు మాత్రలు మానేస్తే మళ్లీ పెరిగినట్టే ఇదీను. బీపీ పెరిగిందని ఎవరినీ ఇంట్లోంచి గెంటెయ్యం కదా, మందు మార్చి మళ్లీ మొదలుపెడతాం. వాళ్లమ్మకు ఈ ముక్క ముందే చెప్పి ఉంచాలి, లేకపోతే మొదటిసారి జారగానే "ఇక వీడింతే" అనుకుంటుంది.

వాడు నీతో స్నేహం వదిలేసుకుంటే వదిలేసుకోనీ. ఏళ్ల తరవాత తెలుసుకుంటాడో లేదో కూడా చెప్పలేను. నువ్వు చేసేది వాడి మెప్పు కోసం కాదు.

శనివారం లోపల ఆ మాత్రల స్ట్రిప్ ఫోటో పంపు. ఆదివారం పొద్దున పదింటికి నేను షాపు మీ మామయ్యకు అప్పగించి ఫోన్ దగ్గర పెట్టుకుని ఇంట్లోనే ఉంటాను. వాళ్లమ్మకు నువ్వు ముందు చేసి, నన్ను కూడా లైన్లోకి తీసుకో. ఆసుపత్రికి రావాలంటే వాడి ఆధార్ కార్డూ, పాత చీటీలేమైనా ఉంటే అవీ తెమ్మను. ఓపీ చీటీ కోసం పొద్దున్నే వరసలో నిలబడాలి, ఆ పని నేను చూస్తాను. వాళ్ల నాన్న ఫోన్ లాక్కుని నీ మీద అరిస్తే నువ్వేమీ మాట్లాడకు. నాకు వదిలెయ్యి, ఆయనతో నేను మాట్లాడతాను.

ఇట్లు,
మీ తాతయ్య